బొమ్మ లేని గిన్నె

నా భార్య క్యాథరిన్ సమాధిని అడవిలో వదిలేసి ఊరంతా బయటికొచ్చింది, ఆమెను మరచిపోయింది, ఇందులో అనుమానం లేదు, పులులకు చోటు కావాలని ఊరు ఖాళీ చేయించారు, సమాధికి పోయే బాటకు గేటు పెట్టారు, సరే, వాళ్లు అటవీశాఖవాళ్లు, మా ఊరివాళ్లకేమైంది, కొత్త కాలనీలో నల్లా నీళ్లు చూసి మురిసిపోయారు, ఈస్టర్ ముందు సమాధికి సున్నం వేయాలన్న మాట ఒక్కరి నోట రాలేదు, ఇప్పుడు చూడు, పెళ్లికొచ్చినట్టు బడి వరండాలో కూర్చున్నారు, ఎక్కడినుంచో వచ్చిన తెల్లాయన ముందు, ప్రపంచంలో కాపాడుతున్న అడవులన్నిటికీ ముందుగా ఏ పని చేయాలో ఊళ్లను అడిగి తేలుస్తాడట, ఆయన మాట తెలుగులో చెప్పడానికి కరీంనగర్ నుంచి వనజ అనే అమ్మాయి వచ్చింది, రెండు వరుసల్లో గిన్నెలు పేర్చింది, గిన్నెకో బొమ్మ, నీటికుంట, కార్చిచ్చు ఆపే గీత, కావలివాడు, చూడవచ్చేవాళ్ల జీపు, ఇంకా ఏవేవో, చివరి గిన్నెకు బొమ్మ లేదు, మనసుల ఇంకేమన్న ఉంటే గిండ్ల వెయ్యుండ్రి అంది, తలా పిడికెడు చింతగింజలు పోసింది, ఏది ముఖ్యమైతే అందులో ఎక్కువ వేయాలట, నేను పిడికిలి విప్పలేదు, బాట కోసం నేనొక్కడినే వేస్తే లెక్కకొస్తుందా, అడుక్కోవడం నాకు చేతకాదు.

రెండు వరుసల గిన్నెలూ చింతగింజలూ ముసలి శంకరవ్వ ముందు పెడితే ఏమవుతుంది, వామనగుంటల ఆటనుకుంది, నీటికుంట గిన్నెలో పడ్డ గింజలన్నీ తీసి గిన్నెకొకటి పంచుతూ పోయింది, ఏయ్ భూమవ్వా, నీ వంతు, జర జల్ది ఆడు అని పక్కనున్న ముసలామెను పిలిచింది, భూమవ్వ ఖాళీ గిన్నె రాగానే పక్కనున్న జీపు గిన్నె ఊడ్చేసింది, అయ్యో అవ్వా గది ఆట కాదు అని వనజ మొత్తుకుంటోంది, తెల్లాయన ప్రతి ఎత్తుకూ తల ఊపి రాసుకుంటున్నాడు, ప్రపంచంలోని అడవుల గతి ఇక శంకరవ్వ చేతిలో ఉంది, నాకు నవ్వొచ్చింది, ఎన్నేళ్లకు, క్యాథరిన్ ఉంటే వీళ్లిద్దరినీ ఓడించేది, ఆమె మీద శంకరవ్వ ఒక్క ఆటా గెలవలేదు, ఇవాళ గెలిచింది, కొంగు నిండా గింజలు, తెచ్చి చివరి గిన్నెలో గుమ్మరించింది, గివి క్యాథరిన్ బాటకు, రాసుకొమ్మను బిడ్డా, బతికుంటే నన్ను గెల్వనిస్తుండెనా, భూమవ్వ తనవీ పోసింది, నా మరదలు దెబోరా లేచింది, మా అక్క సమాధికి సున్నం వెయ్యాలె, గేటు తియ్యమనుండ్రి, గీ బావ ముందట గా మాట ఎత్తితే మీద పడ్తడు, అందుకే ఇన్నేండ్లు నోరు కుట్టుకున్నం.

నోరు కుట్టుకున్నారా, నాకు భయపడా, మరచిపోయి కాదా, గోడకానుకుని నిలబడ్డ అడవి ఆఫీసరు గడ్డం గోక్కున్నాడు, ఈస్టర్ ముంగట శనివారం గేటు తీస్తం, పొద్దు గూకకముందే రావాలె, మా జీపు ఎంబడి ఉంటది అన్నాడు, అయితే నన్ను ముందల సీట్ల కూసోవెట్టుండ్రి అంది శంకరవ్వ, వరండా అంతా నవ్వు, తాతా, మీ గింజలు, అని వనజ అడిగింది, పిడికిలి విప్పాను, చెమటకు తడిశాయి, నీటికుంట గిన్నెలో పోశాను, సమాధి పక్కన చెలమ ఎండితే దుప్పులు బురద నాకేవి, క్యాథరిన్ బిందెతో నీళ్లు పోసేది, ఇప్పుడు వాటికి ఎవరున్నారు, బావా, కోపం పోయిందా, దెబోరా అడుగుతోంది, సున్నం నానబెట్టు అన్నాను, ఊరు మరచిందన్న మాట ఇక నా నోట రాదు, ఎవరడిగినా రాదు.