కాగితంలో లేని చిటికెడు

తెల్లరంగు కలపడంలో ఏముంది, తెలుపేగా అనుకుంటారు జనం. అనుకోనీండి! రంగుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు డ్రమ్ములు తిప్పిన తండ్రి దగ్గర పని నేర్చుకున్న ఆమెకి తెలుసు, తెలుపెంత మొండిదో. కాగితంలో రాసినవన్నీ వేశాక, చివర్లో చిటికెడు నీలం వెయ్యాలి, తెల్లబట్టలకి నీలిమందు పెట్టినట్టు. లేకపోతే నాలుగు ఎండలకే గోడ పచ్చబడుతుంది. ఆ చిటికెడు సంగతి ఏ కాగితంలోనూ లేదు. తండ్రి చేతి నుంచి ఆమె చేతికి వచ్చింది, అంతే.

అలాంటి మనిషి మీద దొంగతనం మోపారు. తమ ఫ్యాక్టరీ కొత్త తెలుపు బయటికి రాకముందే అవతలి కంపెనీ అలాంటిదే డబ్బాలకెత్తి అమ్మేసింది. కలిపే పద్ధతి రాసిన కాగితం చూసింది ముగ్గురే: యజమానురాలు పెద్దమ్మగారు, మేనేజరు, ఆమె. పైగా వచ్చే నెల ఆమె పెళ్ళాడబోయేది అవతలి కంపెనీలో కార్ల రంగులు చూసే కెమిస్టుని. ఇంకేం, మేనేజరుకి వెతకబోయిన తీగ కాలికి తగిలింది. సోమవారంలోగా రుజువు చూపించాలి. లేకపోతే ఉద్యోగమూ పోతుంది, తండ్రి సంపాదించిన మంచిపేరూ పోతుంది.

“మావైపు ఆ కాగితం ఎవరిచ్చారో కూపీ లాగనా?” అన్నాడు కెమిస్టు ఆ సాయంత్రం.

“వద్దు. నువ్వు నోరు విప్పితే ఇద్దరం ఒకే తానులో ముక్కలమంటారు. నా గొడవ నేను చూసుకుంటా.”

మేనేజరు మీద ఆమెకి అనుమానం లేకపోలేదు. కానీ అనుమానం రుజువవుతుందా? కొట్టుకెళ్ళి అవతలివాళ్ళ డబ్బా ఒకటి కొంది. ఒక చెక్కకి వాళ్ళ రంగు, ఇంకో చెక్కకి తన రంగు వేసి నాలుగు రోజులు డాబా మీద ఎండలో పెట్టింది.

సోమవారం మీటింగు హాల్లో రెండు చెక్కలూ బల్ల మీద పెట్టింది. ఒకటి తెల్లగా మెరుస్తోంది. రెండోది కామెర్లొచ్చిన కన్నులా ఉంది.

“ఇది మనది, అది వాళ్ళది, పెద్దమ్మగారూ. నేనే అమ్ముకునుంటే వాళ్ళది ఇలా పచ్చబడేది కాదండీ.” మేనేజరు వైపు తిరిగి కావాలనే నవ్వింది. “పాపం, దొంగిలించినవాళ్ళకి కాగితం చదవడం కూడా రానట్టుంది.”

మేనేజరుకి ఒళ్ళు మండింది. “రాకపోవడమేంటి? పొల్లుపోకుండా అందులో ఉన్నట్టే కలిపారు వాళ్ళు!”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం వినడమే గానీ, కళ్ళారా చూడటం ఆమెకి అదే మొదలు.

“వాళ్ళెలా కలిపారో నీకెలా తెలుసయ్యా?” అంది పెద్దమ్మగారు.

మేనేజరు లేచి బయటికి నడిచాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి అతని కుర్చీ ఖాళీ అయింది.

అతను గుమ్మం దాటగానే పెద్దమ్మగారు ఆమె వైపు తిరిగింది. “అయితే కాగితంలో లేనిదేదో వేస్తున్నావన్నమాట. ఏంటమ్మా అది?”

“ఇంతమందిలో చెప్పనండీ. మీ ఒక్కరికే డ్రమ్ము దగ్గర చేసి చూపిస్తా. కానీ నన్ను దొంగన్నది ఈ గదిలోనే. కాదన్న మాట కూడా ఇక్కడే అనండి.”

పెద్దమ్మగారు లేచి నిలబడింది. “తప్పయిపోయిందమ్మా. మీ నాన్న పేరు నిలబెట్టావు.” ఆ మాటకి ఆమె గుండె నిండిపోయింది.

గేటు బయట కెమిస్టు కాచుకునున్నాడు. అంతా విని, “ఇంతకీ ఏం వేస్తావేంటి అందులో?” అన్నాడు.

“పెళ్ళయ్యాక కూడా చెప్పను.”

“అడగ్గానే చెప్పేదానివైతే రెండేళ్ళు నీ వెంట తిరిగేవాణ్ణే కాదు,” అన్నాడు అతను గర్వంగా.

ఆమె నవ్వి, గోట్లో నీలం మరకున్న చేతిని పిడికిలిగా బిగించి, రెండో చెయ్యి అతనికిచ్చింది.