గోరుకు తగిలిన గీత

సోమవారం బట్టలు నానబెడుతుంటే మా ఆయన నీలం చొక్కా మీద పాలిష్ మరకలు కనిపించాయి. చేతి మడత దగ్గర ఒకటి, పొట్ట దగ్గర ఒకటి. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నా పాలిషే. ముందురోజు పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా పార్కింగులో ఆయన ఆఫీసు వాళ్లదొక నల్లకారు చుట్టూ తిరిగి రుద్దింది నేను. ఆయన లేచిందే తొమ్మిదిన్నరకి. కిందికి దిగింది కారు వాళ్లకి తాళాలివ్వడానికి. ఆ కాసేపట్లో రెండు చోట్ల ఎలా అంటింది? పొరపాటున రాసుకుంటే ఒక పక్కే అంటాలి. ఇది వేలితో పూసినట్టుంది. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో బట్టలు ఉతుకుతున్నదాన్ని, ఏ మరక ఎక్కణ్ణించి వచ్చిందో ఎవర్నీ అడక్కుండా చెప్పగలను. దీన్ని మాత్రం నీళ్లలో వేయబుద్ధి కాక పక్కన పెట్టాను.

అసలు అనుమానం మొదలైంది నా పాత పాలిషింగ్ మెషిన్ కోసం ఆయన అటకెక్కిన రోజునే. పెళ్లికి ముందు ఐదేళ్లు నేనొక కార్ల షాపులో పనిచేశాను. ఉత్త కడగడం కాదు. రంగు మీది సన్నగీతలు తీసి, సీట్లు శుభ్రం చేసి, నలిగిపోయిన కారుని కొత్తదానిలా చేసే పని. ఆరుగురు మగవాళ్లున్నా ఖరీదైన కారు వస్తే షాపు ఓనరు పాలిషింగ్ మెషిన్ నా చేతికే ఇచ్చేవాడు. "నీ చెయ్యి తొందరపడదమ్మా" అనేవాడు. నేను మానేసిన రోజున ఒక పాత మెషిన్ నాకే ఇచ్చి పంపాడు. పెళ్లయిన వారానికి అత్తయ్య దాన్ని చూసి, "మా కోడలు కార్లు తుడిచేదని నలుగురికీ చెప్పుకోమంటావా?" అన్నారు. మా ఆయన నవ్వి, "అంత సరదాగా ఉంటే మన కారు తుడుచుకో, ఎవరొద్దన్నారు" అన్నాడు. మెషిన్ అటకెక్కింది, నేను వంటింట్లోకి వెళ్లాను.

అలాంటి మనిషి నెల కిందట తనంతట తనే నిచ్చెన వేసుకుని, తుమ్ముకుంటూ మెషిన్ దింపాడు. "చేతిలో పనుంది, వృథాగా పోనివ్వడమెందుకు? ఆదివారాలు చేసుకో. నీకూ కాలక్షేపం, రేపు నాలుగు డబ్బులొచ్చినా మంచిదే" అన్నాడు. బకెట్లు, షాంపూ, మెత్తటి గుడ్డలు తనే కొనుక్కొచ్చాడు. ఉప్పు అయిపోయిందని మూడుసార్లు చెబితేగాని తేని మనిషి.

సంతోషించాలి. నా చేతులు సంతోషించాయి కూడా. మొదటి ఆదివారం తడిపిన కారుని అరచేత్తో నిమిరితే గరుకు తగిలింది, అంతే, వేళ్లకి అన్నీ గుర్తొచ్చేశాయి. మెషిన్ ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బానెట్టులో నా మొహం కనబడేదాకా ఆపలేదు. బుర్ర మాత్రం వేరే పనిలో ఉంది. ఈయనకేం కావాలి?

వచ్చేవన్నీ ఆయన ఆఫీసు వాళ్ల కార్లే. డబ్బు మాటెత్తితే, "ముందు పేరు రానీ" అనేవాడు. పని పూర్తయ్యేసరికి, "నువ్వు పైకెళ్లు, ఒళ్లంతా తడిసింది, వాళ్లు చూస్తే బాగుండదు" అనేవాడు. పైకెళ్లి వంట మొదలుపెట్టేదాన్ని. మూడో ఆదివారం అత్తయ్య పార్కింగులోకి టీ తెచ్చిచ్చారు. పదకొండేళ్లలో ఆవిడ చేతి టీ తాగడం నాకదే మొదటిసారి. చక్కెర కూడా సరిగ్గా సరిపోయింది. అందుకే ఇంకా భయమేసింది.

చొక్కా పక్కన పెట్టిన రెండు రోజులకి, కూరలు తరుగుతుంటే అత్తయ్య ఫోనులో మా ఆడపడుచుతో అనడం వినిపించింది. "వాడికి ఆదివారం కూడా తీరికుండట్లేదే. వాళ్ల ఆఫీసు పెద్దమేడమ్ కూడా తన కారు చెయ్యమని అడిగిందట. హాబీ అంటారుట దాన్ని." నన్ను చూసి గొంతు తగ్గించారు. కత్తి అక్కడే ఆగింది. 'దానికి' అనబోయి 'వాడికి' అన్నారేమోనని ఆవిడ తరఫున నేనే కాసేపు వాదించాను. వాదన నిలవలేదు. నేను చేస్తే తుడవడం. ఆయన చేస్తే హాబీ.

ఆ ఆదివారం పెద్దమేడమ్ కారు వచ్చింది. ముదురెరుపు. ఆమెని పదకొండింటికి రమ్మన్న ఆయన, నన్ను పదిన్నరకే పైకెళ్లమన్నాడు. వెళ్లాను, మెట్ల మలుపు దాకా. అక్కడి కిటికీలోంచి పార్కింగంతా కనిపిస్తుంది. ఆయన బకెట్లో చేతులు ముంచి చొక్కా మీద నీళ్లు చిలకరించుకున్నాడు. పాలిష్ డబ్బా తెరిచి, వేలితో కాస్త తీసి, చేతి మడత మీదా పొట్ట మీదా పూసుకున్నాడు. పెళ్లిచూపులకి పౌడరు రాసుకున్నంత శ్రద్ధగా. నాకు కోపం రాలేదు. తప్పిపోయిన వస్తువు దొరికినట్టు, హమ్మయ్య అనిపించింది.

మేడమ్ వచ్చి కారు చుట్టూ తిరిగింది. "మీలో ఈ కళ కూడా ఉందనుకోలేదండీ."

"ఏదో, చిన్నప్పటి నుంచీ సరదా మేడమ్."

"ఈ ఒక్క గీతా ఉండిపోయినట్టుంది" అంటూ ఆమె వెనక డోరు అంచు చూపించింది.

"అదెంతసేపు మేడమ్, రెండు నిమిషాలు" అని మెషిన్ అందుకున్నాడు.

ఆ గీత నేను చూడకుండా వదిలేసింది కాదు. గోరు పెట్టి చూస్తే గోరు ఆగింది. అంటే లోతుగా దిగిందన్నమాట. దాని మీద, అందులోనూ అంచు మీద, మెషిన్ ఆనిస్తే రంగు లేచిపోయి అడుగు పూత బయటపడుతుంది. కదలకుండా నిలబడి చూస్తే చాలు, ఆయన సంగతి ఆ డోరే చెప్పేస్తుంది. ఒక్క క్షణం అలాగే నిలబడదామనుకున్నాను. మెషిన్ మోత మొదలైంది. నాలుగు గంటలు నేను నిమిరిన రంగది. మెట్లెలా దిగానో తెలియదు, వెళ్లి ప్లగ్గు పీకేశాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. "మా ఆవిడ మేడమ్. నీళ్లూ అవీ అందిస్తుంటుంది" అన్నాడాయన.

"ఒకసారి మీ చెయ్యిలా ఇవ్వండి" అని మేడమ్‌ని అడిగి, ఆమె గోటిని ఆ గీత మీద నడిపించాను. "ఆగింది కదండీ. ఇది మెషిన్‌తో పోదు, రంగు వేయించాల్సిందే. గోటికి తగలని గీతలన్నీ పొద్దున తీసేశాను."

మేడమ్ నానిపోయి ముడతలు పడ్డ నా వేళ్లు చూసింది. తర్వాత ఆయన చొక్కా చూసింది. ఏమనుకుందో మొహంలో తెలియలేదు. ఎవరినడుగుతోందో తేలకుండా మా ఇద్దరి మధ్యకి చూస్తూ, "మా చెల్లెలి కారు కూడా ఉంది. వచ్చే ఆదివారం ఖాళీ ఉంటుందా?" అంది.

ఆయన నోరు తెరిచాడు.

"ఆయనెప్పుడూ ఖాళీయేనండీ" అన్నాను. "నాకుందో లేదో చూసుకోవాలి. మీ నంబరివ్వండి."