చమురు అడగని సైకిల్

ఆ వేసవి మొదట్లో హబీబుల్లా చేతిలో ఉన్నది ఇంత: ఎడారి దేశంలో, సత్వా పేటలో టైలర్ల సందు చివర ఒక్క షట్టరు వెడల్పు సైకిల్ షాపు. అందులో రెండు పెద్ద డబ్బాల నిండా గేరు చక్రాలు, చెయిన్లు, గేరు తీగలు. ఎన్నో ఏళ్లుగా పాత సైకిళ్లు విప్పి పోగేసిన సరుకు. ఎక్కడా దొరకని గేరు ఆ డబ్బాల్లో దొరుకుతుందని పేరు. షాపు పైన ఒక గది. ఆ గదిలో భార్య మున్నీబీ.

మున్నీబీని అతడు పెట్టుబడిలో వేసేవాడు కాదు, లాభంలో వేసేవాడు. పెళ్లయ్యాక సగం జీవితం ఆమె నెల్లూరులో గడిపింది, అతడు ఎనిమిదిమంది పడుకునే గదిలో పై మంచం మీద గడిపాడు. రెండేళ్ల కిందటే ఆమెను పిలిపించుకోగలిగాడు. షాపు రాబడి తిండికీ లైసెన్సుకూ సరిపోయేది. గది అద్దె మున్నీబీ కష్టం. మంగాదేవి మెస్ నుంచి మధ్యాహ్నం క్యారేజీలు సైకిల్ మీద పెట్టుకుని టైలర్లకు, సెలూన్లకు అందించి వచ్చేది. ఆ పని ఉంటే గది. గది ఉంటే ఇద్దరూ ఒకచోట. లెక్క అంత తేలిక, అంత సన్నం.

మెస్ మెట్ల మీద జారి ఆమె కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక డాక్టరు, మెలితిప్పే పని పెట్టుకోవద్దన్నాడు. ఆమె సైకిల్‌కు గేరు కుడి పిడిలోనే ఉంది, మెలితిప్పితేనే మారుతుంది. నిండు క్యారేజీలతో ప్రతి కొట్టు ముందూ ఆగాలి, మళ్లీ కదలాలి. ఆగినప్పుడల్లా గేరు దించాలి.

మంగాదేవి మంచి మనిషే. కానీ జనం ఆకలి ఆగదు కదా.

"నెలాఖరుదాకా ఎలాగో నెట్టుకొస్తానక్కా. ఆ తర్వాత మోటార్‌సైకిల్ మనిషిని పెట్టుకోవాలి. ఏమనుకోకు," అంది.

మర్నాడు హబీబుల్లా ఉమ్ అల్ క్వైన్ అనే ఊళ్లో పాత సామాన్ల యార్డు నడిపే మణికి ఫోన్ చేశాడు. సముద్రం ఒడ్డున ఏదో రిసార్టు అమ్మేసిన కరెంటు సైకిళ్లు అతని దగ్గరున్నాయని విన్నాడు. సాయంత్రం మణి ఒకటి పికప్‌లో వేసుకొచ్చాడు.

హబీబుల్లా వంగి చూశాడు. చెయిన్ లేదు, దాని బదులు నల్లటి పళ్ల బెల్టు. వెనక చక్రానికి గేర్లు లేవు. పెడళ్ల దగ్గర కొబ్బరికాయంత పెట్టె ఒకటి బిగించి ఉంది.

"మోటారూ గేర్లూ అన్నీ దాంట్లోనే భాయ్. బరువెక్కితే అదే దించుకుంటాది, వేగమొస్తే అదే ఎక్కించుకుంటాది. నువ్వు తొక్కితే చాలు," అన్నాడు మణి.

"పాడైతే?"

"పాడైతే విప్పే పన్లేదు. విప్పలేవు కూడా."

"అంటే నా బతుకుదెరువుకు గోరీ కట్టి తెచ్చినావన్నమాట."

"నువ్వే గదా భాయ్ రమ్మనింది! చెప్పు, ఏమిస్తావు?"

ఇవ్వడానికి నగదు లేదు. హబీబుల్లా రెండు డబ్బాలూ ముందుకు లాగాడు. మణి చెయ్యి పెట్టి కలియబెట్టాడు. కళ్లు మెరిసినా మొహం మాత్రం చేదు మింగినట్టే పెట్టాడు. "ఏంది భాయ్, ఈ తుప్పంతా నాకు అంటగడతా ఉండావా?"

"తుప్పయితే వదిలెయ్. చెయ్యెందుకు బయటికి రావట్లా?"

మణి నవ్వేశాడు. ఛార్జరు కూడా కలిపి, బేరం ఖలాస్ అన్నాడు. గేర్లన్నీ ఇచ్చి గేర్లు అక్కర్లేని బండి తెచ్చుకున్నాడు హబీబుల్లా. వ్యాపారి ఎవడూ చెయ్యని బేరమని అతనికి తెలుసు.

మున్నీబీ సందులో ఒక చుట్టు తిరిగొచ్చింది. దిగుతూనే చున్నీతో మొహం తుడుచుకుంది. "అజీ, ఇది నన్ను ఎత్తుకొని పోతా ఉంది! చెయ్యి ఊరికే పెట్టుకుంటే చాలు."

క్యారేజీలు మళ్లీ కదిలాయి. నెలాఖరు వచ్చి వెళ్లింది. మోటార్‌సైకిల్ మాట మంగాదేవి ఎత్తలేదు.

లెక్క ఇక్కడితో సరిపోవాలి. కానీ హబీబుల్లాకు ఒక అలవాటుంది. రెండేళ్లుగా రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే కిందికి దిగి, ఆమె లేవకముందే సైకిల్ చెయిన్‌కు చమురు వేసేవాడు. బిస్మిల్లా అని మొదలుపెట్టి ఒక్కో లింకుకూ ఒక్కో చుక్క. నువ్వంటే నాకిష్టమని నోటితో చెప్పిన మనిషి కాదు. చెప్పాల్సిందంతా ఆ చుక్కల్లోనే పోసేవాడు. కొత్త బండి వచ్చాక చెయిన్ లేదు, గేరు తీగ లేదు, సరిచేయాల్సింది ఒక్కటీ లేదు. తెల్లారి దాని ముందు నిలబడితే, పెళ్లింట్లో ఎవరూ పని చెప్పని చుట్టంలా ఉండేది అతనికి. తిరిగేదేదైనా చమురు కోరుతుందిలే అనుకొని బెల్టుకే వేశాడు. ఆ రోజు నుంచి తప్పలేదు.

కొన్నాళ్లకు బండి కీచుమనడం మొదలుపెట్టింది. ఎడారి దుమ్ముకు కొదవేముంది? ఆగి కదిలేటప్పుడు బెల్టు ఒక పన్ను జారేది. ఒక మధ్యాహ్నం బస్ స్టేషన్ ముందు సాంబారు క్యారేజీలతో సహా ఒరిగిపోబోయి, కాలు నేలకు తన్ని నిలదొక్కుకుంది మున్నీబీ. ఆ సంగతి విని హబీబుల్లా బండిని తిప్పి తిప్పి చూశాడు. మోటారు పెట్టె చెడిపోయిందనుకున్నాడు. మణికి ఫోన్ చేస్తే, "ఇక్కడ దాన్ని ముట్టుకునేవాడు లేడు భాయ్. నీ సరుకు కూడా అమ్ముడైపోయింది," అన్నాడు.

భోజనం దగ్గర హబీబుల్లా కంచంలోకి చూస్తూ అన్నాడు: "టికెట్ చూస్తాలే మున్నీ. ఊరికి పో. ఆ బండి మీద నిన్ను పంపలేను."

"మీరో?"

"నాకేంది? పై మంచం అలవాటే గదా."

ఆమె కంచాలు తీసి కిందికి దిగింది. కాసేపటికి, "ఓ జీ, ఇట్రాండి!" అని కేక వినిపించింది.

ఆమె సైకిల్ పక్కన గొంతుకూర్చుని ఉంది. వేళ్లకు నల్లటి ముద్ద. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "మంగాదేవి గ్రైండర్‌కు కూడా ఇట్లాంటి బెల్టే. ఒకసారి దాని మీద నూనె ఒలికితే రాయి తిరగలా, మంగాదేవి మెస్ ఎగిరిపోయేట్టు అరిచింది. దీనికెవరు పోసినారు?"

హబీబుల్లా గోడకున్న పానాలు సర్దసాగాడు.

"మిమ్మల్నే. ఒకసారి పోసినారా?"

"రోజూ."

"రోజూనా! యా అల్లా, అరిసెలు వేయించినట్టు వేయించినారే!"

ఆమె నవ్వు సందులోకి వినబడింది. అతడు నవ్వలేదు. పానా చేతిలోనే ఉంది.

"పాత బండి నా చేతి మీద నడిచేది. దీనికి నేను అక్కర్లేదు. చమురన్నా పెట్టకపోతే నీకు నేనేం చేసినట్టు మున్నీ?"

నవ్వు ఆగింది. ఆమె అతని వైపు చూసి, లేచి, లోపలి నుంచి బకెట్ నీళ్లు, సబ్బు, పాత టూత్‌బ్రష్ తెచ్చింది. ఇద్దరూ నేల మీద కూర్చుని ఒక్కో పన్నూ తోమారు. ముద్దంతా వదిలి బెల్టు పొడిగా, గరుకుగా తేలింది. ఆమె ఎక్కి సందు చివరిదాకా పోయి, మధ్యలో కావాలనే ఆగి, మళ్లీ కదిలింది. కీచుమనలేదు, జారలేదు. పెట్టెకు ఏమీ కాలేదు.

మర్నాడు ఫజర్ తర్వాత అతడు అలవాటుగా చమురు డబ్బా కోసం చెయ్యి చాచాడు. అది ఉండే చోట లేదు. మున్నీబీ అప్పటికే లేచి మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో కొబ్బరి నూనె సీసా. కుడి చేయి ముందుకు చాపింది.

"ఇది పట్టేసింది. ఇది కూడా తిరిగేదేగా. ఇక్కడ పెట్టండి చమురు."

అతడు పక్కన కూర్చున్నాడు. బిస్మిల్లా అన్నాడు. మణికట్టు మీద ఒక చుక్క వేసి బొటనవేలితో నెమ్మదిగా రుద్దాడు. మొదట ఆమె మొహం చిట్లించింది, తర్వాత తల అతని భుజానికి ఆనించింది. చలికాలం వచ్చేసరికి ఆ చేయి రొట్టె తిప్పేంతగా తిరుగుతోంది.

ఇక చివరి లెక్క. పోయినవి రెండు డబ్బాల గేర్లు, ఒక డబ్బా చమురు. మిగిలినవి చమురు అడగని సైకిల్, రోజూ అడిగే చేయి, ఇద్దరూ ఉన్న ఒక గది. మణి ఆ గేర్లతో బాగా సంపాదించాడని తర్వాత ఎవరో చెప్పారు. సంపాదించుకోనీ అనుకున్నాడు హబీబుల్లా. ఆ బేరంలో మోసపోయింది మణే.