ఆవలి ఒడ్డున రెండు వేళ్లు

దేవవ్వకు కళ్లు కనిపించవన్న సంగతి మెట్‌పల్లిలో అందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి ఒక్క దేవవ్వకే తెలియదు.

ఒకప్పుడు ఆమె వాకిట్లో నిలబడి, లోపల మగ్గం మీద తెగిన పోగును వేలు పెట్టి చూపించిన మనిషి. ఇప్పుడు అదే వాకిట్లో మెడ నిటారుగా పెట్టి కూర్చుంటుంది. నడకను బట్టి మనిషిని గుర్తుపట్టి ముందు తానే పలకరిస్తుంది. చేతికి అందాల్సిన చెంబు ఎప్పుడూ గూట్లో ఎడమ పక్కనే ఉంటుంది. ఎనిమిదేళ్లుగా కోడలు నర్మద దాన్ని అంగుళం కూడా జరపలేదు.

1948 ఫాల్గుణంలో నర్మద అన్న రామచంద్రం పాండర్‌కవడ నుంచి కార్డు రాశాడు. నాగపూర్ నుంచి పెద్ద కళ్ల డాక్టరు వచ్చి బడిలో శుక్లాలు తీస్తున్నాడు. శుక్రవారం ఆఖరు. గురువారం దీపాలు పెట్టే వేళకల్లా పేరు రాయించాలి. అత్తయ్యకు ఒక కన్ను పోనే పోయింది, రెండో కంట్లో శుక్లం పండింది, మరీ ముదిరిపోతే ఇక ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు, ఎలాగైనా తీసుకురండి అని.

కార్డు చేరేసరికే బుధవారం సాయంత్రమైంది.

"చుట్టపుచూపుకు పోదాం అత్తా. ఎట్లైన పోతున్నం గాబట్టి డాక్టరుకు సుత జర సూపిద్దాం" అంది నర్మద.

దేవవ్వ చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది. "తొవ్వపొంటి ఎవ్వనికి నాకు కండ్లు కనిపిస్తలేవని చెప్పద్దు. చెప్పినోళ్ల సంగతి చూస్త."

"చూస్త" అన్న మాటకు కొడుకు సాంబయ్య నవ్వబోయి, భార్య ముఖం చూసి ఆగిపోయాడు.

గురువారం కోడికూతకు సాంబయ్య స్నేహితుడు రాజం తన పాత కారు తెచ్చి నిలిపాడు. పెట్రోలు దొరకని రోజులు. నలుగురి దగ్గర నాలుగు డబ్బాలు పోగు చేశానని దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు. మెట్‌పల్లి నుంచి పాండర్‌కవడకు ఇదివరకు పెళ్లిళ్లకు, పురుళ్లకు పోయి వచ్చిన దారే. ఇప్పుడు మధ్యలో పెన్‌గంగ దాటితే పరాయి దేశమట. ఏరు ఎక్కడిదక్కడే ఉంది, ఊళ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ ఒడ్డున ఇండియన్ యూనియన్ వాళ్లు తుపాకులు పెట్టుకున్నారు, ఈ ఒడ్డున నిజాం వాళ్లు పెట్టుకున్నారు. అంతే తేడా.

మొదటి తుపాకులు గోదావరి మీది సోన్ వంతెన దగ్గర కనిపించాయి. ఇద్దరు పోలీసులు దారికి అడ్డంగా వెదురు వాసం పెట్టుకుని నిలబడ్డారు. జమేదారు కిటికీలోకి వంగి అడిగాడు.

"కహా జారై? ఎక్కడికి పోతున్రు?"

వెనక సీట్లో దేవవ్వ ఉలిక్కిపడింది. "అయ్యో, అననే అనె! సాంబా, కారు బందు చేయుమను. దిగున్రి అందరు."

"అవ్వా, గిది పోలీసు చౌకి."

"ఏదైతేంది? పోయేటోళ్లను ఎక్కడికని అడిగినంక కూసొని, నీళ్లు తాగి మళ్ల లేవకుంట ఎట్ల పోత? పోయిన పని అయితదా?"

జమేదారు తుపాకి భుజం మార్చుకున్నాడు. అతనిది నిర్మల్. ఇంట్లో అతని తల్లి కూడా ఇంతే. "నిజమే అవ్వా, తప్పే. మా అవ్వ వింటె నన్ను గిట్లనే తిడ్తది. ఏం జేస్త, అడుగుడే నా నౌకరీ."

"అడుగు బిడ్డా. ఎంత దూరం అని అడుగు. అట్లయితె దోషం లేదు."

రాజం ఇంజను ఆపాడు. అందరూ దిగి చెట్టు నీడన కూర్చుని తలా గుక్కెడు నీళ్లు తాగి లేచారు. ఆపిన ఇంజను ఊరికే కదలదు. రాజం ముందుకు వెళ్లి హ్యాండిలు పెట్టి తిప్పాడు, తిప్పి తిట్టుకున్నాడు. అది దగ్గి ఊరుకుంది. చివరికి రెండో పోలీసు తుపాకి వాసానికి ఆనించి వచ్చి తానూ ఒక చెయ్యి వేశాడు. సూర్యుడు అప్పటికే బాగా పైకి వచ్చాడని నర్మద గమనించింది.

కారు కదులుతుంటే జమేదారు చెయ్యెత్తి అరిచాడు. "ఎంత దూరం అవ్వా?"

"జర దూరమే బిడ్డా!" దేవవ్వ సంతోషంగా అంది.

ఆదిలాబాద్ దాటాక సుంకం నాకా. అక్కడి అధికారికి ఇటువంటి తల్లి ఉన్నట్టు లేదు. అతను అడగకూడని మాట అడిగాడు, వీళ్లు దిగి నీళ్లు తాగారు. ఆ తాగడం అతనికి అనుమానంగా తోచింది. సాంబయ్య తల్లికి వినపడకుండా పోయే ఊరి పేరు అతని చెవిలో చెప్పబోయాడు. ఇద్దరు తుపాకులవాళ్ల ముందు చెవిలో చెప్పే మాట ఎవరికి నచ్చుతుంది? మూటలన్నీ విప్పించారు. జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు, డాక్టరు భార్యకిద్దామని తెచ్చిన, ఇంటి మగ్గం మీది కొత్త చీర బయటపడ్డాయి.

"కొత్త బట్ట సరిహద్దు దాటాలంటే పర్మిట్ కావాలె" అన్నాడు అధికారి ఉర్దూలో. "కట్టుకున్న బట్టకు అక్కర్లేదు."

నర్మద మారుమాట లేకుండా నాకా గది వెనక్కు పోయి, కట్టుకున్న చీర మీద ఆ చీర కూడా చుట్టుకుని వచ్చింది. అధికారి చూశాడు. కట్టుకున్న బట్టే కాబట్టి రాసుకోవడానికి ఏమీ దొరకలేదు. ఫాల్గుణపు ఎండలో రెండు చీరల కింద చెమటలు కక్కుతూ ఆమె దేవవ్వ పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"ఏందే, గింత లావైనవ్?" అంది దేవవ్వ మోచేత్తో తడిమి.

"రొట్టెలెక్కువ తిన్న అత్తా."

పెన్‌గంగ ఈవలి ఒడ్డు సిపాయిలు వీళ్లను పెద్దగా పట్టించుకోలేదు. పోయేవాళ్లతో వాళ్లకు పేచీ లేనట్టుంది. ఏట్లో నీళ్లు పిక్కల లోతే. రాళ్లు పరిచిన దారిలో కారు అటూ ఇటూ ఊగుతూ దాటింది. ఆవలి గట్టు ఎక్కగానే ఇసుక బస్తాల వెనక నుంచి మూడు తుపాకులు ఒక్కసారే లేచాయి. అప్పటికి పొద్దు పడమటికి బాగా వాలింది. పాండర్‌కవడ ఇంకా దూరమే.

నిక్కరు వేసుకుని, పిక్కలకు బట్ట పట్టీలు చుట్టుకున్న ఒక హవల్దారు దగ్గరికి వచ్చాడు. మరాఠీ మనిషి. "కుఠూన్ ఆలాత్?" అన్నాడు.

నర్మద పుట్టింది సరిహద్దు ఊరు బేలలో. ఆ ఊళ్లో పిల్లలు మరాఠీలో పోట్లాడుకుని తెలుగులో ఏడుస్తారు. "ఎక్కడి నుంచి వచ్చిన్రని అడుగుతుండు అత్తా" అంది.

"సూసినవా, ఎంత మంచిగ అడిగిండు! పరాయోళ్లైనా పద్ధతి తెలుసు" అంది దేవవ్వ.

సాంబయ్య కిందికి దిగి ఉర్దూలో సలాం చెప్పి, సంగతంతా ఉర్దూలో మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి అన్ని చోట్లా పనిచేసిన ఉర్దూ అది. ఏరు దాటేసరికి నిజాం వాళ్ల భాషై ఎదురు తిరిగింది. అతను ఒక్కో మాట చక్కగా పలికినకొద్దీ హవల్దారు ముఖం ముడుచుకుంది. రామచంద్రం కార్డు చూపిస్తే తెలుగు అక్షరాలను తిరగేసి బోర్లేసి చూశాడు.

"పేషెంటు ఎవరు?"

సాంబయ్య తల్లి వైపు చూపించాడు. దేవవ్వ కొంగు సర్దుకుని, ఎదురుగా ఉన్న గాలిని సూటిగా చూస్తూ రాణిలాగా కూర్చుని ఉంది.

హవల్దారుకు నమ్మకం కలగలేదు. సరిహద్దు దాటాలనుకున్నవాళ్లు రోజూ ఎవరో ఒకరు పేషెంటునని చెబుతున్నారట. అతను కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి ఆమె ముఖం ముందు వేళ్లు నిలబెట్టాడు. "ఎన్నో చెప్పమను."

నర్మదకు ఆ మాట చెప్పక తప్పలేదు. "అత్తా, వేళ్లు సూపిస్తుండు. ఎన్నో చెప్పమంటుండు."

"రెండు" అంది దేవవ్వ, ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా. "గోర్లు తీస్కొమ్మను."

రెండు వేళ్లే. హవల్దారు చెయ్యి వెనక్కి తీసుకుని తన గోళ్లు చూసుకున్నాడు. నిజంగానే పెరిగి మురికి పట్టి ఉన్నాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇసుక బస్తాల వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో అంతా అయిపోయింది.

"ముసలమ్మకు నాకంటే బాగా కనిపిస్తోంది. తిప్పండి కారు!"

సాంబయ్య చేతులు జోడించాడు. రాజం పెట్రోలు గురించి చెప్పబోయాడు. ఒక సిపాయి తుపాకి మొనతోనే వచ్చిన దారి చూపించాడు. ఆ సైగ తెలుగులో ఉండదు, మరాఠీలో ఉండదు, అందరికీ అర్థమవుతుంది.

"ఎట్ల చెప్పినవ్ అత్తా?" నర్మద గొంతు తగ్గించి అడిగింది.

"ఎవ్వరడిగినా రెండే సూపిస్తరు పిల్లా. పక్కింటి అనసూర్య ఎనిమిదేండ్ల సంది రెండే సూపిస్తుంది." దేవవ్వ ముఖంలో గెలిచిన వెలుగు ఇంకా పోలేదు. "మగోళ్లకు గోర్లు ఎప్పుడు శుభ్రంగ ఉన్నయి కనుక?"

నర్మద ఎండ వైపు చూసింది. ఇప్పుడు వెనక్కి తిరిగితే రేపు ఆఖరు రోజు పోతుంది. చెప్పాల్సిన మాట ఆమె నాలుక చివరే ఉంది. దాన్ని మరాఠీలో చెబితే మూడు మాటలు. కానీ కోడలు చెప్పిందని తెలిస్తే ఈ అత్త చూపు వచ్చాక కూడా తన ముఖం చూడదు. అత్తను అడగకుండా చెప్పడం ఆ ఇంటి పద్ధతి కాదు. నర్మద ఆ పద్ధతి ఏనాడూ తప్పలేదు.

"పోదాం అత్తా, ఇంటికి" అంది. "నీకు మంచిగనే కనిపిస్తుందని వీళ్లు తేల్చిన్రు. ఇగ డాక్టరెందుకు?"

రాజం హ్యాండిలు తీసుకుని కారు ముందుకు నడిచిన అడుగుల చప్పుడు దేవవ్వకు వినిపించింది. హ్యాండిలు రంధ్రంలో పడిన చప్పుడు కూడా వినిపించింది.

"జర ఆగుమను" అంది దేవవ్వ. "గీడ మెట్‌పల్లోళ్లు ఎవ్వరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు."

"కోరుట్లోళ్లు? జగిత్యాలోళ్లు?"

"మనదిక్కోళ్లు ఒక్కరు లేరు అత్తా. ఇది వేరే దేశం."

"వీళ్లకు తెలుగొస్తదా?"

"ఒక్క ముక్క రాదు."

"సాంబడిని, రాజంగాన్ని ఏటి ఒడ్డుకు పొమ్మను."

వాళ్లిద్దరూ కదలబోతే సిపాయిలు అడ్డుపడ్డారు. నర్మద మరాఠీలో హవల్దారును బతిమాలింది. పెద్దామె ఏదో చెప్పుకోవాలట, కొడుకు వినకూడదట. హవల్దారుకు ఆసక్తి పుట్టింది. కొడుకు వినకూడని మాటలో దేశరహస్యం ఉండవచ్చు. ఒక సిపాయిని తోడిచ్చి వాళ్లను ఒడ్డుకు పంపించాడు.

దేవవ్వ కారు దిగింది. తలుపు పట్టుకుని నిలబడింది. హవల్దారు కుడి వైపున ఉంటే ఆమె ఎడమ వైపుకు తిరిగి మాట్లాడింది.

"నాకు కనిపియ్యది బిడ్డా. ఎనిమిదేండ్లాయె. ముందుగాల పోగులు మసకైనయి. పత్తి మంచిగ లేదని అందరిని తిట్టిన. తర్వాత మనుషుల ముఖాలు పోయినయి. ఇప్పుడు దీపం పెడితె వెలుగు జర తెలుస్తది, దీపం కనిపియ్యది. ఒక్కసారి పడుగు మీద చెయ్యేసి పది పోగులు తెంపిన. నా కొడుకు ఎలుకలు తెంపినయన్నడు. నేను సుత ఎలుకలనే తిట్టిన."

నర్మద ఒక్కో మాట తూచినట్టు మరాఠీలోకి మార్చింది. పడుగుకు మరాఠీ మాట తెలియక చేత్తో దారాలు సాగదీసి చూపించింది.

"ఈ పిల్ల చెంబు ఒక్కతాననే పెడ్తది" అంది దేవవ్వ ఇంకా. "నాకు తెల్వదనుకుంటది."

ఆ ఒక్క మాట నర్మద మరాఠీలో చెప్పలేదు. హవల్దారు ఏమందని అడిగితే, ఏమీ లేదు, ఇంటి సంగతి అంది.

హవల్దారు ముసలమ్మ ముఖం తిరిగి ఉన్న వైపుకు వచ్చి నిలబడ్డాడు. తర్వాత చప్పుడు చెయ్యకుండా పక్కకు జరిగాడు. ఆమె ఇంకా పాత చోటుతోనే "పోనియ్యి బిడ్డా" అంటోంది. అతను చెయ్యి ఊపాడు. సిపాయిలు తుపాకులు దించారు.

సాంబయ్య పరుగున వచ్చి ఎక్కాడు. "ఏం జెప్పినవవ్వా? ఎట్ల ఇడిసిపెట్టిండు?"

"ఆనికి గోర్లు తీస్కునే ఉపాయం చెప్పిన. నువ్వు నోర్మూసుకొని కూసో."

పాండర్‌కవడ బడి చేరేసరికి వరండాలో లాంతరు తుడుస్తున్నారు. రిజిస్టరు ఇంకా మూయలేదు. బల్ల దగ్గర కాంపౌండరు, అతని పక్కన ఒక నర్సు. వీళ్ల మాటలు విని కాంపౌండరు ముఖం విప్పారింది.

"మీరు కరీంనగర్‌దిక్కోళ్లా? నాది జమ్మికుంట అవ్వా! పేరు పర్శరాములు. మన మాట విని ఎన్నాళ్లాయె!"

దేవవ్వ నడుము ఒక్కసారిగా నిటారైంది. కొంగు సర్దుకుంది. నర్మదకు ఏం జరగబోతోందో అర్థమైంది.

"ఎన్నేండ్ల సంది కనిపిస్తలేదు అవ్వా?" పర్శరాములు కలం సిరాలో ముంచాడు.

"ఎవ్వరికి? నాకా? జర మసక, గంతే. నిన్న మొన్నటి సంది. దుమ్ము పడ్డట్టున్నది."

కలం ఆగింది. "అట్లయితె శుక్లం ఇంకా పండలేదన్నట్టు అవ్వా. పండనిది డాక్టరుగారు ముట్టరు. వచ్చే ఏడు చూద్దాం."

సాంబయ్య నోరు తెరవబోయాడు. నర్మద అతని కాలు తొక్కింది. మీది చీర కొంగుతో నుదుటి చెమట తుడుచుకుని, నర్సు వైపు తిరిగి మరాఠీలో మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లు, పోయిన కన్ను, ముదురుతున్న కన్ను, దీపం, ఎలుకలు, పది పోగులు, ఏటి ఒడ్డు అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పింది. నర్సు లేచి వచ్చి లాంతరును దేవవ్వ ముఖం దగ్గరగా ఎత్తి పట్టింది. ఒక కంట్లో శుక్లం తెల్లగా పండి కనిపించింది. నర్సు పర్శరాములు చేతిలోని కలం తీసుకుని తానే రాసింది. నలభై ఒకటో నంబరు, రేపు పొద్దున.

"ఏం జెప్పినవే ఆమెకు?" దేవవ్వ అనుమానంగా అడిగింది.

"నీ పేరు చెప్పిన అత్తా."

దేవవ్వ కాస్త ఆలోచించింది.

"మరాఠీల నా పేరు గింత పొడుగుంటదా?"