తరాజ్‌లో దిగిన వియ్యాలవారు

విమానాల కంపెనీకి సొంతంగా తప్పులు చేసుకునే తీరిక ఉండదు. ఎక్కడో ఎవరో యుద్ధం మొదలుపెడితే ఆకాశంలో మా దారి మూసుకుపోతుంది. ఇంకెక్కడో చమురు ధర పెరిగితే ఇక్కడ టికెట్ ధర పెరుగుతుంది. తిట్లు మాత్రం అల్మాటీ విమానాశ్రయంలో కౌంటర్ వెనక కూర్చున్న నాకు. ఏళ్ళ తరబడి తింటున్నాను, ఒంటికి బాగానే పట్టాయి. కానీ మా ఊరి చలికాలపు పొగమంచు ముందు యుద్ధమూ చమురూ దిగదుడుపే.

ఆ సంగతి మా ఆడపడుచు బల్జాన్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అదే విమానాశ్రయంలో, మేడ మీద, వాతావరణం చూసి చెప్పే ఉద్యోగం దానిది. అదీ, దేశానికి ఆ చివరున్న అక్తావ్ ఊరి కుర్రాడు దౌరెన్ ప్రేమించుకున్నారు. ఇక వియ్యాలవారు వచ్చి, గొర్రె కార్జం, తోక కొవ్వు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటే సంబంధం ఖాయమైనట్టే. వాళ్ళకి పెద్దదిక్కు దౌరెన్ నాయనమ్మ జుపార్. ఆవిడ ఎదుట కొడుకులు నోరెత్తరు.

రోజు కుదుర్చుకునే దగ్గరే వచ్చింది చిక్కు.

"గురువారం పెట్టుకోండి నాన్నా. బుధవారం మంచు దిగేలా ఉంది" అంది బల్జాన్.

"బుధవారాన్ని మించిన మంచిరోజు ఉందటే? తాతల నాటి నుంచీ శుభకార్యం అంటే బుధవారమే" అన్నారు మామయ్య.

అవతల జుపార్ అవ్వ ఇంకో మెట్టు ఎక్కింది. బుధవారం బయల్దేరి కూడా దారి తప్పామంటే ఆ పిల్ల మనింటికి రాసిపెట్టి లేనట్టే, వెనక్కి వచ్చేద్దాం అందట.

బుధవారం పొద్దున కిటికీలోంచి చూస్తే ఎదురుగా నిలబెట్టిన విమానమే కనిపించలేదు. వియ్యాలవారి విమానం అప్పటికే మా నెత్తిమీద చక్కర్లు కొడుతోంది. మామయ్య ఫోన్ చేశారు. మేడెక్కి బల్జాన్ చెవికి ఆనించాను.

"కాస్త కనిపిస్తోందని రాస్తే నీ సొమ్మేం పోయిందే? వాళ్ళు దిగిపోతారు కదా."

"దిగుతారు నాన్నా. నేల మీద దిగుతారో గోడ మీద దిగుతారో నేను చెప్పలేను."

కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఉన్నదున్నట్టు రాసి పంపింది. విమానం మంచు లేని ఇంకో ఊరు, తరాజ్ వైపు మళ్ళింది. నాకు దాన్ని వాటేసుకోవాలనీ అనిపించింది, నెత్తిన ఒక్కటి మొట్టాలనీ అనిపించింది.

కాసేపటికి అవ్వ నాకే ఫోన్ చేసింది.

"ఏమమ్మాయ్, అల్మాటీలో దిగి ఇంతసేపైంది. ఎదురొచ్చి ఆనవాయితీగా నాలుగు మిఠాయిలు చల్లే దిక్కు లేదా మాకు? ఇదేనా మీ మర్యాద?"

నాకు బుర్ర తిరిగిపోయింది. ఇంతలో ఆవిడ పెద్దకొడుకు ఫోన్ అందుకుని, పక్కకెళ్ళి గుసగుసలాడాడు. "నీకు పుణ్యముంటుందమ్మా. అమ్మ నిద్రలో ఉండగా దారి మళ్ళింది. తెలిస్తే సంబంధం వద్దంటుందని ఇదే అల్మాటీ అని చెప్పేశాం. కాస్త సర్దుకో."

మీసాలు నెరిసిన మగాడు చెప్పే మాటలా ఇవి? అయినా నేనూ తక్కువదాన్నేం కాదు. అబద్ధానికి ఎప్పుడూ తడుముకోను. ఫోన్ అవ్వ చేతికి వెళ్ళగానే "బయల్దేరాం అవ్వా, దారిలో ఉన్నాం" అనేశాను. బల్జాన్ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అవ్వా, నేను బల్జాన్‌ని. మీరున్నది తరాజ్‌లో. ఇక్కడ మంచు. మీ విమానం దిగడానికి వీల్లేదని రాసింది నేనే."

అవతల ఫోన్ కట్టయింది.

"అయిపోయింది వదినా" అని బల్జాన్ భోరుమంది. నేనూ ఏడ్చాను, మంచునీ బుధవారాన్నీ ఆ కొడుకులనీ కలిపి తిడుతూ ఏడ్చాను. కిందికి వస్తే కౌంటర్ దగ్గర ఓ పెద్దమనిషి, ఈ మంచు ఎప్పుడు తీయిస్తారని నిలదీశాడు. చీపురు కోసం మనిషిని పంపామని చెప్పాను.

గురువారం గాలి తిరిగింది. మా ఊరి వెనక కొండలు బయటపడ్డాయి. తరాజ్‌లో ఆగిన విమానం వచ్చింది గానీ, వియ్యాలవారు రైలెక్కి వెనక్కి పోయి ఉంటారనే అనుకున్నాం. తీరా చూస్తే తలుపులోంచి ముందు జుపార్ అవ్వ, వెనక తలలు దించుకుని కొడుకులు. చేతికందిన చాక్లెట్లు తెచ్చి వాళ్ళ మీద చల్లాను. ఒకటి పెద్దకొడుకు నుదుటికి గట్టిగా తగిలింది. కావాలనే విసిరాను.

ఇంట్లో కార్జం, కొవ్వు ఉన్న పళ్ళెం పెట్టాక మామయ్య చేతులు నలుపుకున్నారు. "మనసులో పెట్టుకోకండమ్మా. చిన్నపిల్ల, తెలియక నోరు జారింది."

అవ్వ చెయ్యెత్తి ఆపింది. "నాకు భయపడి అబద్ధాలు చెప్పేవాళ్ళు మా ఇంటినిండా ఉన్నారు. వాళ్ళ మాట నమ్మి, తరాజ్‌లో కూర్చుని మీ కొండల కోసం వెతికాను. ఇన్నాళ్ళూ ఇంకెన్నిటి కోసం అలా వెతికానో ఏమో."

ఆ పళ్ళెంలోది పెద్దవాళ్ళకే పెడతారు, పెళ్ళికూతురికి కాదు. అవ్వ ఓ ముక్క తీసుకుని, నోరు తెరిచి కూర్చున్న మామయ్యని దాటి, తలుపు దగ్గర నిలబడ్డ బల్జాన్ నోటి దాకా చెయ్యి తీసుకెళ్ళింది.

"తిను తల్లీ. ఇక మేం ఎక్కడున్నామో నువ్వే చెప్పాలి."

బల్జాన్ ఏడుస్తూ నవ్వుతూ తింది. కొవ్వు గడ్డం మీదికి కారితే అవ్వే తుడిచింది.