గోడ మింద తొమ్మిది గీతలు

అలివేలమ్మ ఇంట్లో సందేళ ఆరున్నరకి టీవీ పెడ్తారు. సీరియల్ కోసం కాదు, జయరాములు మేస్త్రీ ఆ దినం ఎంత గోడ లేపినాడో చూసేదానికి. ఆమె మొగుడు జయరాములు పొయ్యి రెండేండ్లయింది. సిమెంటు దుమ్ము మింగీ మింగీ ఊపిరి చెడి పొయినాడు.

ఆ టీవీకి తగిలించిన పెట్టెను తెచ్చింది కూతురు భువన. వేలూరులో తను పనిచేసే స్కాన్ సెంటర్లో పాత కంప్యూటర్లు తీసేస్తా ఉంటే, టిఫిన్ డబ్బా అంత ఉండే చిన్నదాన్ని అడిగి తీసుకుని, గుడ్డ సంచిలో పెట్టుకోని గుడియాత్తం బస్సెక్కింది. "ఇది ముసిల్దయిపోయిండాదే, దీంతో ఏం చేస్తావమ్మా?" అని అలివేలమ్మ నవ్వింది. భువన పట్టించుకోలేదు. దుమ్ము ఊది, లోపల పెద్ద డిస్కు బిగించి, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. అందరి ఫోన్లలో ఉండే ఫోటోలు, పెండ్లి సీడీలు, పాటలు అన్నీ దాంట్లోకి చేర్చింది. ఇంక ఇంట్లో టీవీలో అయినా, ఎవురి ఫోన్లో అయినా, ఏది కావాలంటే అది చూడొచ్చు. ప్లగ్గు పాయింటు దేవుడి పటాల పక్కన ఉండాది గనక పెట్టె ఆడనే కూచ్చునింది. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్లే గానీ చదివే వాళ్లు లేరు, అందుకని దాంట్లో ఫోటోల పేర్లు, పాటల పేర్లు అన్నీ అరవంలో రాసింది.

దాంట్లో నాయనది ఒకటే వీడియో, నలభై సెకన్లది. ఇటుక పెట్టి, తాపీతో తట్టి, తాడు చూసుకుంటాడు. రెండో దినం అది నలభై సెకన్లతో ఆగలేదు. ఆయన ఇంకో ఇటుక పెట్టినాడు. మర్నాటికి ఇంకో వరస లేచింది. "ఆ మనిషి చేతులు ఊరికే ఉండవు" అనింది అలివేలమ్మ, కాఫీ పోసుకుంటా. వీధిలో వాళ్లు గూడా "ఈ పొద్దు కిటికీ దాకా వచ్చిందా?" అని అడిగి పొయ్యేవాళ్లు. పక్కింటి కాళియమ్మ అయితే దినమూ వచ్చి కూచ్చోని, వరస వంకర పోతా ఉండాదని మేస్త్రీకి తప్పులు పట్టేది. ఆమెకు ఒకడే కొడుకు, శక్తివేల్. అలివేలమ్మ కొడుకు హరీ, వాడూ చిన్నప్పట్నుంచి జోడు.

హరిది గూడా నాయన పనే. నెమిలి అనే ఊర్లో రెండు నెలలు పనిచేసి ఇల్లు చేరినాడో లేదో, గోవిందసామి కాంట్రాక్టరు వాణ్ణి ఒడుగత్తూరుకి తోడుకొని పొయ్యి ఒక ఇల్లు చూపించినాడు. మిద్దె పోసేసిండారు. గృహప్రవేశం దగ్గర పడింది. మర్నాడే సెంట్రింగ్ ఇప్పల్లంట, అంటే మిద్దెను మోస్తా ఉండే కొయ్యలూ రేకులూ తీసెయ్యల్ల.

"పోసి ఎన్ని దినాలైంది సామీ?" అన్నాడు హరి.

"ఇరవై రెండు ఆచ్చప్పా," అన్నాడు గోవిందసామి, ఫోన్ చూసుకుంటా.

ఆ సందేళ టీవీలో జయరాములు ఇటుక పట్టలేదు. మెట్ల మలుపులో, గుండ్రం కిటికీ పక్కన నిలబడి ఉండాడు. చేతిలో ఇటుక ముక్క ఉండాది. బతికుండగా ఆయనకొక అలవాటు. మిద్దె పోస్తే దినమూ పొద్దున్నే దాని మింద నీళ్లు కట్టి, కిందికొచ్చి గోడ మింద ఒక గీత గీసేవాడు. ఇరవై ఒక్క గీత నిండితే గానీ కొయ్య మింద ఎవుర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఆయన పొయినంక ఆ పని ఎవురూ చెయ్యలేదు.

హరికి ఆ గుండ్రం కిటికీ తెలుసు. పొద్దున ఒడుగత్తూరులో చూసిందే. గీతలు లెక్కబెట్టినాడు. తొమ్మిది. జయరాములు ఎప్పుడూ లేంది ఇటు తిరిగి, నేరుగా కొడుకును చూసినాడు.

"నువ్ పోవద్దు నాయనా," అనింది అలివేలమ్మ.

"పోనమ్మా. దినాలు తక్కువని చెప్తే మాత్రం ఆయప్ప ఈ తట్టు యాడా నాకు పని దొరకనియ్యడు."

గోవిందసామికి ఫోన్ చేసి, జరం వచ్చిందని చెప్పినాడు.

పొద్దున ఏడుకి శక్తివేల్ వాకిట్లో బండి ఆపినాడు. వాళ్లమ్మ చెల్లెలింటికని మోర్ధానాకి పొయ్యి రెండు దినాలైంది, ఆ గీతలు చూసిన వాళ్లు వాళ్లింట్లో లేరు.

"జరమంట గదా? పరవాయిల్లె, నువ్ పండుకో. నీ బదులు నేను పోతా ఉండా."

హరి నోరు తెరిచినాడు. వీధి మొగదల గోవిందసామి బండి మింద కూచ్చోని ఇటే చూస్తా ఉండాడు.

"చూసుకోని చెయ్‌రా," అన్నాడు హరి. సిగ్గులేనోడు, అంతే అన్నాడు.

పది గంటలకి మిద్దె కూలింది. దాని కింద ఉన్నింది శక్తివేల్ ఒక్కడే. పిల్లోడే తొందరపడి కొయ్యలు లాగేసినాడని గోవిందసామి ఊరంతా చెప్పుకున్నాడు.

భువన పెట్టె వైరు పీకేసింది. పదకొండో దినం అయినంక కాళియమ్మ తనే వచ్చింది. ఎప్పుడూ కూచ్చునే చోటే కూచ్చోని "పెట్టమ్మా" అనింది. భువన పెట్టింది. గుండ్రం కిటికీ పక్కన జయరాములు గోడ కడతా ఉండాడు. శక్తివేల్ ఇటుకలు అందిస్తా ఉండాడు. వేసుకున్న చొక్కా గూడా ఆ దినానిదే. కాళియమ్మ ఏడవలేదు. చాలా సేపు కొడుకునే చూసింది. ఆమీట చూపు గోడ మిందికి పొయింది.

"ఆ గీతలు ఎప్పుడు గీసినాడప్పా మీ నాయన?"

జరం మాదిరి ఇంకో అబద్ధం హరి నాలిక చివరే ఉండాది. చెప్పలేకపొయినాడు.

"ముందు దినం సందేళ, పెద్దమ్మా. నేను చూసినా."

"వాడికి చెప్పలేదు."

"చెప్పలేదు."

కాళియమ్మ లేచి వాకిట్లోకి పొయింది. మట్టిలో వెదికి ఒక ఇటుక ముక్క తెచ్చి హరి చేతిలో పెట్టింది. "ఈ చుట్టుపక్కల యాడ మిద్దె పోసినా, దినమూ పొయ్యి నువ్వే గీయల్ల," అనింది.

ఇప్పుడు హరికి ఏ కాంట్రాక్టరూ పని ఇయ్యడు. వాడు గీస్తే ఇంటోళ్లు లెక్కబెట్టుకుంటా ఉండారు, అదీ కాంట్రాక్టర్ల కడుపుమంట. రెండు తూర్లు కొట్టి పంపినారు గూడా. భువన జీతంతోనే ఇల్లు నడుస్తా ఉండాది. తెల్లారితే హరి ఇటుక ముక్క జేబులో వేసుకోని సైకిలెక్కుతాడు. సందేళకి తిరిగొస్తే, కాళియమ్మ అప్పటికే వచ్చి, ఇంకా పెట్టని టీవీ ముందర కూచ్చోనుంటుంది.

"ఎన్ని?" అంటుంది.

వాడు ఒక్కొక్క ఇల్లూ, ఆ ఇంటి గీతలూ చెప్తాడు. అన్నీ విన్నంకనే ఆమె భువన వైపు తిరిగి తల ఊపుతుంది. భువన అప్పుడు టీవీ పెడ్తుంది.