గోపన్న జ్యోతి దించిన ఏడాది

గోపన్న ఇంట్లో మగవాళ్లు చౌడమ్మ జ్యోతి మోసేవాళ్లు. కోసిగికి తూర్పున ఉన్న ఆ చిన్న ఊళ్లో నేతవాళ్లది ఒకటే వీధి. వీధికంతటికీ ఇలవేల్పు చౌడమ్మ. ఉగాది మరునాడు బియ్యప్పిండి, బెల్లం కలిపి పెద్ద ముద్ద చేసి, నడుమ గుంటలో నెయ్యి పోసి వత్తి వెలిగించేవాళ్లు. ఉపవాసమున్న మనిషి దాన్ని నెత్తిన పెట్టుకుని గుడిదాకా నడవాలి. దారిలో దీపం ఆరితే మోసినవాడి నిష్ఠలో లోపముందని లెక్క. గోపన్న తండ్రి బతికినన్నాళ్లూ మోశాడు. ఆయన పోయాక గోపన్న మోస్తున్నాడు.

అతని భక్తిలో భయం ఉండేది కాదు. గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని నేస్తూ, పక్కింటి పెద్దమ్మతో మాట్లాడినట్టు అమ్మవారితో మాట్లాడేవాడు. పోగు తెగితే, "ఈ పొద్దు నూలు బాగలే తల్లీ" అని గొణిగి ముడి వేసుకునేవాడు.

పంతొమ్మిది వందల యాభై రెండు నాటికి వరసగా వానల్లేక సీమంతా ఎండిపోయింది. ఊరి బయట సర్కారువాళ్లు గంజి కేంద్రం పెట్టారు. కొనేవాళ్లు లేక నేసిన చీరలు ఇంట్లోనే పడి ఉండేవి. ఆ రోజుల్లో తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది గోపన్న ఒక్కగానొక్క కూతురు తిరుపతమ్మ. మనిషి చిక్కిపోయి, కాళ్లు మాత్రం నీరుపట్టి ఉబ్బి ఉన్నాయి. అల్లుడు కూలికని బళ్లారి దిక్కు వెళ్లిపోయాడు.

ఆ ఏడు జ్యోతికి పిండి దొరకడమే కష్టమైంది. పిల్లలు గంజికి బారులు తీరుతుంటే దేవతకు బియ్యమా అని కొందరు గొణిగారు. చివరకు ఇంటికొక పిడికెడు చొప్పున పోగుచేశారు. గోపన్న తల్లి ఉరుకుందమ్మ కళ్లు సరిగా కనిపించకపోయినా తానే తడుముకుంటూ పిండి కలిపింది. గోపన్న స్నానం చేసి, తడిబట్టతో ముద్ద నెత్తికెత్తుకున్నాడు.

"ఈతూరి నాకింకేం వద్దు తల్లీ. పాప సుకంగా నీళ్లాడితే సాలు" అనుకున్నాడు.

వీధి మలుపులో సుడిగాలి లేచింది. ముందు నడిచేవాళ్ల దివిటీలు ఆరిపోయాయి. దుమ్ముకు అందరూ కళ్లు మూసుకున్నారు. గాలి తగ్గాక చూస్తే గోపన్న నెత్తిమీద దీపం నిటారుగా వెలుగుతోంది. ఆడవాళ్లు దారిలో బోర్లా పడుకుని అతన్ని తమమీదుగా దాటిపొమ్మన్నారు. గుడి ముందు కులపెద్ద మద్దయ్య అతని భుజం పట్టుకున్నాడు.

"మా నాయన కాలంలో గూడా జ్యోతి ఇట్ల నిలబడలేదప్పా. అమ్మ పలికింది పో."

ఇంటికొచ్చాక ఉరుకుందమ్మ మనవరాలి కడుపుమీద చెయ్యి పెట్టి, "ఇంగ నీకేం బయం లేదు" అంది. తిరుపతమ్మ నవ్వింది.

ఆ వారంలోనే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది, తన చేతిలో లేదని మంత్రసాని చెప్పేసింది. కోసిగిలో రైలెక్కించి ఆదోని ఆస్పత్రికి తీసుకుపోదామని బండి కట్టారు. మేతలేని ఎద్దులు అడుగు తీసి అడుగు వేయలేకపోయాయి. గోపన్న బండి వెనక నడుస్తూ దారిపొడుగునా చౌడమ్మను పిలుస్తూనే ఉన్నాడు. స్టేషను కనిపించకముందే బండిలో కూతురి పక్కనున్న అతని భార్య సుబ్బక్క, "ఇంగ తిప్పండి" అంది. ఆమె గొంతులో ఆ మాట విని గోపన్నకు ఇంకేమీ అడగాలనిపించలేదు. లోపలి బిడ్డ కూడా తల్లితోనే పోయింది.

తర్వాత గోపన్న మగ్గంలో కూర్చుని మళ్లీ నేశాడు. పోగులు తెగేవి. నోరు తెరవకుండా ముడి వేసేవాడు. కొన్ని నెలలు అట్లాగే గడిచాయి. ఒక సాయంత్రం, రాట్నం దగ్గర కండెలు చుడుతున్న సుబ్బక్కతో తనంతట తనే అన్నాడు.

"ఆ దీపం ఆరిపోయింటే బాగుండు."

సుబ్బక్క రాట్నం ఆపింది.

"ఆరిపోయింటే తప్పు నాది అనుకుంటి. నా నిష్ఠ సాల్లేదనుకుంటి. అది ఆరలే. అంత గాలిలో నిలబడె. ఆయమ్మ ఉండి, నా మాట ఇని, మళ్లా పాపను ఇట్ల చేసిందనుకోనీకి నాకు మనసొప్పడం లే. అసలు లేదనుకుంటేనే కొంచెం ఊపిరాడతాది."

భార్య కోప్పడుతుందనుకున్నాడు. లేకుంటే ఏడుస్తుందనుకున్నాడు. సుబ్బక్క తెగిన పోగును వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది.

"నాకు శానా దినాల నుంచే లేదు."

"ఏంది లేదు?"

"నమ్మకం. నేను పావడాలు కట్టుకునేటప్పుడు మా ఊరికి గత్తరొచ్చి ఇంటింటా వాంతులూ బేదులే. మా తమ్ముడు పడినాడు. మా యమ్మ నన్ను దేవుని గూటి ముందర కూసోబెట్టి, నువ్వు కదలకుండా కూసుంటే వాడు బతుకుతాడనె. పొద్దు పుట్టినప్పట్నుంచి కూసుంటి. కాళ్లు మొద్దుబారె. దప్పికైనా లేయలే. మాపటికి వాడు పాయె. నువ్వు కదిలింటావు అని మా యమ్మ నన్ను కొట్టె. నేను కదల్లే. అది నాకు తెలుసు. ఆ పొద్దే పోయింది."

పెళ్లయిన నాటి నుంచి ఆమె తడిచీరతో గుడిచుట్టూ తిరగడం, అతనికి ఉపవాసాలు గుర్తుచేయడం, శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు పూయడం, అన్నీ గోపన్న కళ్లముందు మెదిలాయి. ఓదార్పు కలగలేదు. ఇన్నేళ్లూ పక్కనున్నది ఎవరో అనిపించింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీకుండె గదా. ఇంట్లో ఒకరికన్నా ఉండనీలే అనుకుంటి. నువ్వు ఆయమ్మతో మాట్లాడతాంటే ఇనేదాన్ని. నాకు అదే సాలుతాండె." ఆమె రాట్నం పక్కకు జరిపింది. "ఇప్పుడు నీకూ లేకపాయె."

మళ్లీ ఉగాది వస్తోందనగా మద్దయ్య ఇంటికి వచ్చాడు. గోపన్న అతనికి మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, ఈసారి జ్యోతి వేరే ఇంటివాళ్లకు ఇవ్వమన్నాడు.

"ఎందుకప్పా? మైల తీరిపాయె గదా."

"మైల కాదు మద్దన్నా. నాకు నమ్మకం లే. లేకుండా మోస్తే మీ అందర్నీ మోసం చేసినట్లైతాది."

మద్దయ్య తిట్టలేదు. "దుక్కంలో అంటాండావు" అని లేచి వెళ్లిపోయాడు. జ్యోతి సోమన్న ఇంటికి వెళ్లింది. మంచంమీద ఉన్న ఉరుకుందమ్మ ఆ మాటలన్నీ వింది. ఆ రోజు నుంచి అన్నం తగ్గించింది. ఎండలు ముదిరేసరికి లేవలేకపోయింది.

ఒక మధ్యాహ్నం ఆమె సుబ్బక్కను పిలిచి తల కాస్త ఎత్తించుకుంది. గోపన్న మగ్గంలోంచి లేచి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"తిరుపతమ్మ ఆయమ్మ దగ్గరే ఉంటాది గదా" అంది ముసలామె. "నేను పోతే కనపడతాది గదా?"

"కనపడతాది అత్తా" అంది సుబ్బక్క వెంటనే. "బిడ్డనెత్తుకోని నీకోసరమే సూస్తాంటాది."

"నువ్వు నా మనసు కోసరం చెప్తావు. వాన్ని చెప్పనీ. వానికి అబద్దం రాదు." ఆమె గాలిలో తడిమి కొడుకు చెయ్యి పట్టుకుంది. "గోపన్నా, చెప్పు నాయనా. ఆయమ్మ ఉండాదా?"

సుబ్బక్క మంచం తలాపున నిలబడి భర్తకు కళ్లతోనే చెప్పింది, అనమని. గోపన్న నోరు తెరిచాడు. మాట గొంతుదాకా వచ్చింది. తల్లి చూపులేని కళ్లు తన ముఖానికేసి తిరిగి ఉన్నాయి. బండి వెనక నడుస్తూ తాను పిలిచిన పిలుపులన్నీ చెవుల్లో మోగాయి. నోరు మూసుకుపోయింది.

ఆమె కాసేపు ఎదురుచూసింది. తర్వాత చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని గోడవైపు తిరిగింది.

"ఇన్నేండ్లూ ఎవురికి మొక్కితినో" అంది. అంతే.

ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. సుబ్బక్క నోట్లో తీర్థం పోయబోతే పెదవులు బిగించింది. ఉత్త నీళ్లయితే తాగింది. ప్రాణం పోయేటప్పుడు కూడా ముఖం గోడవైపే ఉంది. గోపన్న ఆ ముఖాన్ని ఇటు తిప్పడానికి భయపడ్డాడు. సుబ్బక్కే తిప్పి కళ్లు మూసింది.

ఊరి బయట మట్టి చేసి, మైల తీరిన నాడు ఇద్దరూ ఖాళీ మంచాన్ని నిలబెట్టి గోడకు ఆనించారు. సుబ్బక్క నేల అలుకుతూ, తల ఎత్తకుండానే అంది.

"ఒక్క మాట. అనింటే నీదేం పోతాండె?"

"నోరు రాలే."

"నేను ఇన్నేండ్లు అన్నా గదా, నీ ముందర."

ఆమె అలకడం ముగించి, చేతులు కడుక్కుని, గడపమీద అతనికి కాస్త దూరంగా కూర్చుంది. వీధిలో పిల్లలు ఖాళీ చెంబులతో గంజి కేంద్రం వైపు పోతున్నారు.

"రేపు నేను ముందుగా పోతే, నాకేం చెప్పొద్దు" అంది. "ఉత్తగా చెయ్యి పట్టుకోని కూసో. విడిపించుకోను నేను."

గోపన్న తల ఊపాడు. ఆ పాటి పనైనా తన వల్ల అవుతుందో లేదో అతనికి తెలియలేదు. అవతల ఎవరో మగ్గానికి పడుగు నూలు సాగదీయడానికి మనిషి చాలక అతని పేరు పెట్టి పిలుస్తున్నారు. రెండుసార్లు పిలిపించుకుని లేచి వెళ్లాడు.